ఒక్క గింజా మిగల్చలేదు

మా నాన్న పొలంలో ఏటేటా విత్తుతూ వచ్చిన అనప గింజల్ని నేను బెంగళూరులో ఒక మార్చి నెలలో మట్టిపాలు చేశాను. విత్తాను అనడానికి నోరు రాదు. ఆ తీగలు పూత చూడకుండానే నా చేతుల్లో పోయాయి. ఇంట్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ఎండలెక్కువయ్యాయి, పురుగు పట్టింది" అని ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు జరిగిందేమిటో ఒకసారి వరసగా రాసి పెట్టుకోవాలి.

మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా మార్కెట్‌కు దేశంలోనే పేరుమోసిన ఊరు మదనపల్లె. నేను పుట్టేనాటికే నాన్న టమాటా పెట్టేవాడు, వానకు వేరుశనగ వేసేవాడు, వేరుశనగ సాళ్ల మధ్య అనప వేసేవాడు. సంక్రాంతి ముందు అనపకాయలు ఇంటికొచ్చేవి. కాయ ఒలిచి, గింజలు నానబెట్టి, వేళ్ల మధ్య పితికి తొక్క తీసి, పితికి పప్పు కూర వండేది అమ్మ. కన్నడం వాళ్లు అనపకాయనే అవరెకాయి అంటారు. అలాంటి ఊళ్లో పెరిగిన నేను బెంగళూరులో మిద్దె మీద తోట మొదలుపెట్టినప్పుడు టమాటా నారు ఎప్పుడు పోయాలో, అనప ఎప్పుడు విత్తాలో అమ్మను అడగలేదు. అడిగే అవసరం ఉందని తోచలేదు కూడా. ఇదే మొదటి తప్పు. మిగతావన్నీ దీని వెంటే వచ్చాయి.

మా చెల్లెలు మిషిగన్‌లో ఉంటుంది. అక్కడ మే నెల నడిమి దాకా రాత్రిళ్లు నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. ఆ చలికి టమాటా మొక్క ఒక్క రాత్రిలో నల్లబడి చచ్చిపోతుంది. అందుకని అక్కడివాళ్లు ఆఖరి గడ్డకట్టే రాత్రి ఎప్పుడో అంచనా వేసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెడతారు. టమాటాకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, మిరపకు ఎనిమిది నుంచి పది. ఆ ప్రకారం మార్చిలో ఇంటి కింది గదిలో దీపాల వెలుగులో నారు పోస్తారు. చెల్లెలు అలాగే గోంగూర, బచ్చలి, వంగ మొలకెత్తించి, జూన్‌లో పెరట్లో నాటుకుంటుంది. వాళ్లకు డిసెంబరు, జనవరి అంటే బయట చేసేదేమీ లేని నెలలు. అందుకే విత్తనాల కేటలాగులు ముందేసుకుని, కాగితం మీద మళ్లు గీసుకుని, ట్రేలు కడిగి పెట్టుకుంటారు. ఆ చలికి అది తప్పనిసరి ఏర్పాటు. తను ఫోన్లో చూపించిన ఆ గది, ఆ ఊదారంగు వెలుగు, చీటీలు గుచ్చిన ట్రేలు నా మనసులో బాగా నాటుకున్నాయి. తోటపని అంటే అదేననుకున్నాను. తను పంపిన పుస్తకాలు వరసపెట్టి చదివాను. హైదరాబాదులో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మిద్దె మీద పండించిన అనుభవంతో రాసిన 'మిద్దెతోట' పుస్తకం కూడా నా దగ్గరుంది. అది మన ఎండ, మన వాన తెలిసిన మనిషి రాసింది. దాన్ని అల్మారాలో పెట్టి, అమెరికా పుస్తకం దిండు పక్కన పెట్టుకున్నాను.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, 13వ అక్షాంశం దగ్గరుంది. జనవరి రాత్రుల్లో చలి 15, 16 డిగ్రీల దగ్గర ఆగుతుంది, పగలు 27 దాకా వెళుతుంది. ఈ ఊరి చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి 13న. అంటే నూట నలభై ఏళ్లకు పైగా ఇక్కడ ఏ చలికాలమూ అంతకంటే కిందికి దిగలేదు. నీరు గడ్డకట్టే సున్నాకు అదెంతో దూరం. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, పుస్తకంలో ఉన్న పట్టిక నింపాలి కనక, 'ఆఖరి మంచు' అన్న గడిలో మార్చి 15 అని రాసుకున్నాను. లేని చలికి ఒక తేదీ కల్పించి, ఆ తేదీ నుంచి వెనక్కి వారాలు లెక్కపెట్టాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. ఆ పేజీ చూస్తే ఇప్పుడూ మొహం వేడెక్కుతుంది.

ఆ చలికాలం నేను చాలా శ్రద్ధగా గడిపాను. పడగ్గది మూలలో ఇనుప స్టాండు వేసి దీపాలు బిగించాను. ప్రోట్రేలు కడిగి ఆరబెట్టాను. కోకోపీట్ ఇటుకలు నానబెట్టి, వర్మీ కంపోస్టు కలిపి జల్లెడ పట్టాను. చలి తగిలితేగాని మొలవని విత్తనాలుంటాయని చదివి, టమాటా, మిరప పొట్లాలు కూడా ఫ్రిజ్‌లో పెట్టాను. మిరపకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల వెచ్చదనంలో అది త్వరగా మొలుస్తుంది. మా ఊళ్లో మిరప విత్తనం తడిగుడ్డలో కట్టి పొయ్యి దగ్గర పెట్టేవాళ్లు. చిన్నప్పుడు చూసిన ఆ మూట నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇదంతా జరుగుతున్నంత కాలం మిద్దె మీద గ్రో బ్యాగులు ఖాళీగా ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఇన్నేళ్లూ నన్ను ఎక్కువ బాధపెట్టినవాటిలో ఇదొకటి, ఎందుకంటే బెంగళూరులో కూరగాయలకు అంతకంటే మంచి నెలలు లేవు. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లితే కొత్తిమీర పూతకు పోకుండా నిదానంగా ఆకేస్తుంది. ముల్లంగి, క్యారెట్, బఠాణీ, కాలీఫ్లవర్, మెంతి, పాలకూర అన్నీ ఆ ఎండకూ, ఆ చలికీ చక్కగా వస్తాయి. అక్టోబరులో నారు పోసిన టమాటా జనవరిలో ఎర్రబడుతుంది. ఆ నెలల్లో నేను కాగితం మీద తోట గీస్తూ కూర్చున్నాను. గణతంత్ర దినోత్సవానికి లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూడ్డానికి వెళ్లి, 1889లో పునాది వేసిన ఆ గ్లాస్‌హౌస్ లోపల సాల్వియాలు, పెటూనియాలు విరగబూసి ఉండగా ఫోటోలు తీసుకున్నాను. జనవరిలో అవి అంత నిండుగా పూయాలంటే విత్తనం వానలు తగ్గకముందే పడి ఉండాలి. వందలమంది తోటమాలులు అక్కడ నా కళ్లముందు పెట్టిన లెక్క అది. చూసి వచ్చి, మళ్లీ దీపాల కింద నారు పోసుకున్నాను.

నారు కాడలు సన్నగా సాగాయి. కొంత నారుకుళ్లు వచ్చి పడిపోయింది. మిగిలినది మార్చిలో మిద్దె మీదికి చేరింది. ఏప్రిల్‌లో పూత మొదలయ్యేసరికి బెంగళూరు పగలు 34 డిగ్రీలకు, రాత్రి 22కు చేరింది. రాత్రి వేడి అంతకు పెరిగితే టమాటా పువ్వులో పుప్పొడి సరిగా పని చేయదు, పూత రాలిపోతుంది. తెల్లదోమ కూడా వేసవిలోనే బాగా పెరుగుతుంది, ఆకుముడత వైరస్ దానితోపాటు వస్తుంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఆకుముడత, వాడుతెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసిన అర్క రక్షక్ రకం తెచ్చి పెట్టాను కనక కొన్ని కాయలైనా దక్కాయి. ఆ కాయల గింజలు పులియబెట్టి, కడిగి, ఆరబెట్టి మరుసటేటికి దాచుకున్నాను. అర్క రక్షక్ సంకర రకం. దాని గింజ తీసి విత్తితే తల్లి గుణాలన్నీ రావు, ఒక్కో మొక్కా ఒక్కో దారి పడుతుంది. ఈ సంగతి మదనపల్లెలో పదో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఆ టమాటాల నష్టం చిన్నది, డబ్బు పెడితే మళ్లీ విత్తనం దొరికింది.

అనప అలా కాదు.

నాన్న పోయాక పొలం కౌలుకిచ్చాం. కౌలుకు తీసుకున్నతను బోరు కింద ఏడాది పొడవునా టమాటానే పెడతాడు. అందుకని నాన్న అనప విత్తనం అమ్మ దగ్గరున్న డబ్బాలో మాత్రమే మిగిలింది. బూడిద కలిపి, పైన ఎండు వేపాకు వేసి ఉంచింది. మిద్దె మీద తోట వేశానని విని ఆ డబ్బా నా చేతికిచ్చింది. "మీ నాయన గింజలు నాయనా, జాగ్రత్త" అంది. ఇంకేమీ చెప్పలేదు. నాకు తెలుసనుకుంది.

చిక్కుడు జాతి విత్తనాలు ఆఖరి మంచు వెళ్లాక నేరుగా మట్టిలో వేయాలని పుస్తకంలో ఉంది. నేను కల్పించుకున్న ఆఖరి మంచు మార్చి 15 కదా. ఆ వారంలోనే డబ్బా మొత్తం ఒంపి విత్తాను. అన్ని గ్రో బ్యాగుల్లోనూ, గోడ పొడవునా. ఒక్క గింజా వెనక్కి పెట్టలేదు. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఉగాదికి అమ్మ ఫోన్ చేసినప్పుడు సంబరంగా చెప్పాను.

"ఉగాదికి అనప వేస్తారా ఎవరైనా?" అంది అమ్మ.

"ఇక్కడ వేయొచ్చమ్మా, చలి పోయింది కదా" అన్నాను.

"చలి పోతే అనపకేమి? దానికి చలి పొద్దే కదరా కావాల్సింది. సంక్రాంతికి తినేది ఇప్పుడు విత్తితే ఎట్లా?"

నేను ఆమెకు నేల ఉష్ణోగ్రత గురించి వివరించాను. చదివిందంతా చెప్పాను, ఓపిగ్గా, పెద్ద పంతుల్లా. ఆమె విన్నది. "నీకు తెలిసినట్టు చేయి నాయనా" అని పెట్టేసింది. ఈ మొత్తంలో నేను ఎక్కువగా సిగ్గుపడేది ఈ సంభాషణకే. గింజలు పోవడానికి తెలియనితనం ఒక్కటే కారణమైతే నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేవాణ్ని. చెప్పే మనిషి ఉంది, చెప్పింది, నేను వినలేదు.

అమ్మ చెప్పినదాన్నే శాస్త్రం మరో మాటలో చెబుతుంది. నాటు అనప పగటి నిడివిని బట్టి పూస్తుంది. బెంగళూరులో అతి చిన్న పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు, అతి పెద్దది పన్నెండు గంటల యాభై నిమిషాల పైచిలుకు. తేడా గంటన్నర మాత్రమే. మనిషి గమనించనంత ఆ తేడాను ఆకు కొలుస్తుంది. రాత్రులు ఒక మేరకు పెరిగేదాకా అది పూమొగ్గ వేయదు. జూన్, జులైల్లో విత్తినా సరే, మార్చిలో విత్తినా సరే, పూత వచ్చేది సెప్టెంబరు దాటి పొద్దు కురచవుతున్నప్పుడే. జులైలో విత్తితే తీగ ఒక హద్దు దాకా పెరిగి పూతకు తిరుగుతుంది. మార్చిలో విత్తితే ఆ నెలలన్నీ ఆకే వేస్తుంది. ఈ ఇబ్బంది రైతుకు లేకుండా చేయాలనే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పగటి నిడివితో పని లేకుండా ఏ కాలంలోనైనా పూసే హెబ్బాళ అవరె రకాలు తెచ్చారు. హెచ్ఏ-3, హెచ్ఏ-4 అంటారు. నా డబ్బాలో ఉన్నవి అవి కావు.

తీగలు గోడ దాటి, నీళ్ల ట్యాంకు ఎక్కి, పక్కింటి పిట్టగోడ మీదికి పాకాయి. ఆకు నల్లగా, అరచెయ్యంత. ఒక్క పువ్వు లేదు. వేపపిండి వేశాను. ఎరువు ఎక్కువైందేమోనని ఎరువు మానేశాను. చివుళ్లు తుంచాను. వానల్లో పేనుబంక పట్టింది, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. వినాయక చవితి వెళ్లిన వారంలో, విసిగిపోయి, తీగలన్నీ మొదలంటా కోసి కంపోస్టు డ్రమ్ములో వేశాను. ఇంకో నెల ఆగి ఉంటే పూసేవి. ఇది తెలిసింది ఆ డిసెంబరులో, విశ్వేశ్వరపురం సందులో అవరెకాయల గుట్టల మధ్య నిలబడి, మాగడి నుంచి కాయలు తెచ్చి అమ్మే ఒక పెద్దాయనను ఎప్పుడు విత్తారని అడిగినప్పుడు. ఆయన ఆషాఢమన్నాడు. ఇంటికొచ్చి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అమ్మకు ఫోన్ చేయడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. ఆమె కోప్పడలేదు. "అన్నీ విత్తేస్తివా?" అని మాత్రం అడిగింది. సగం దాచుకోవడం ఆమెకు అంత మామూలు విషయం కనకే డబ్బా ఇచ్చేటప్పుడు చెప్పలేదు.

ఇప్పుడు నా చలికాలం వేరు. దీపాల స్టాండు మీద ఇస్త్రీ బట్టలుంటున్నాయి. పోయిన జులైలో హెచ్ఏ-4 వేశాను, మాగడి నాటు కాయల నుంచి తీసిన గింజలు వేరుగా వేశాను. నాటువి నవంబరు మొదట్లో పూశాయి. క్యారెట్, కొత్తిమీర, బఠాణీ మిద్దె మీద ఉన్నాయి. జనవరి చివర బీర, కాకర, సొర, గోరుచిక్కుడు, బెండ గింజలు నేరుగా గ్రో బ్యాగుల్లోనే పెడతాను. వేసవికి తయారయ్యే పనంటే ఇక్కడ అదే. లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జాన్ కామెరాన్ కాలంలో, మనం బెంగళూరు వంకాయ అనే కాయతో సహా ఎన్నో బయటి దేశాల మొక్కలు ఈ ఊరికి వచ్చాయి. వాటిని ఇక్కడి మట్టిలో, ఇక్కడి నెలల్లో పెట్టి చూసి నిలబెట్టారు. బయటి విత్తనం తెచ్చుకోవడంలో తప్పు లేదని, చెల్లెలి పుస్తకాల మీద నాకు కోపం లేదని చెప్పడానికే కామెరాన్ సంగతి రాస్తున్నాను. ఆ పుస్తకాలు మిషిగన్‌కు నిజాలు.

మాగడి అనప రుచిగానే ఉంది. పితికి పప్పు వండితే అమ్మ తిని బాగుందంది. కానీ మా కాయ కాస్త వంకర తిరిగి, తొక్క మీద నూనె జిగురు ఎక్కువుండేది. ఒలిచాక వేళ్లకు ఆ వాసన రెండు పూటలుండేది. ఇందులో అది తక్కువ.

పలమనేరు వైపున్న మా మేనత్త నాన్న దగ్గర ఒకప్పుడు విత్తనం తీసుకెళ్లిందట. అటక మీద పాత కుండలో కొన్ని గింజలున్నాయని పోయిన వారం ఫోన్ చేసి చెప్పింది. ఎన్నేళ్లవో ఆమెకూ గుర్తు లేదు. నాలుగైదేళ్లు దాటిన అనప గింజలో మొలక బలం బాగా పడిపోతుంది, పురుగు తొలిచి ఉంటే ఆ మాత్రమూ ఉండదు. సంక్రాంతికి వెళ్లి తెస్తాను. ముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తాను. మొలిస్తే ఆషాఢం దాకా ఆగి సగమే విత్తుతాను, మిగతా సగం అమ్మ డబ్బాలోకి వెళుతుంది.