పీజీ సీటు ఎంచుకునే సులువైన పద్ధతి

నీట్ పీజీ ర్యాంకు రాగానే ముందుగా చేయాల్సింది, మీకు ఏ పని ఇష్టమో మరిచిపోవడం. హౌస్ సర్జన్సీలో పిల్లల వార్డు మీద మనసు పడి ఉండొచ్చు. ఆ సంగతి ఎవరితోనూ అనకండి. మూడున్నర గంటలు కూర్చుని 200 ప్రశ్నలకు జవాబులు పెట్టింది పిల్లల ముక్కులు తుడవడానికా అని ఇంట్లో నిలదీస్తారు.

తర్వాత పెద్దల సలహా తీసుకోండి. ఆస్పత్రి గడప తొక్కని బాబాయి అయితే మరీ మంచిది. "రేడియాలజీ తీసుకోరా, పేషెంట్లతో గొడవుండదు, చీకటిగదిలో ఏసీ" అంటాడు. ఆయన మాట కాదనకండి. గర్భిణికి చేసే ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ నింపాలనీ, అందులో లోటుపాట్లుంటే లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద కేసేననీ, ఆ నిబంధన సరైనదేనని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చిందనీ ఆయనకు చెప్పి లాభం లేదు. ఆడపిల్లలకు పిన్నిగారు ఉంటారు. "సర్జరీ ఎందుకే తల్లీ, హాయిగా గైనిక్ చేసుకో" అంటారావిడ. లేబర్ రూముకు రాత్రీ పగలూ తేడా లేదని ఆవిడకు తెలియదనుకోకండి. ఇద్దరు బిడ్డల్నీ అర్ధరాత్రే కన్నారు. కాకపోతే అప్పుడు మంచానికి ఇవతలివైపు ఉన్నారు.

అనాటమీ, బయోకెమిస్ట్రీల వైపు కన్నెత్తి చూడొద్దు. సీట్లు మిగిలిపోతున్నాయని 2023లో కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు. అంటే పరీక్ష రాసిన ప్రతివాళ్ళూ అర్హులే. మొదటి సంవత్సరం పిల్లలకు శవం మీద కత్తి పట్టడం నేర్పేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారన్నది మన సమస్య కాదు.

ఇక కాలేజీ. పేరు, ఊరు, బాండు చూడండి. డ్యూటీల గురించి మాత్రం అడగొద్దు. వారానికి 48 గంటలని 1992 నుంచీ కేంద్రం కాగితం మీద ఉంది. వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులని 2023లో జాతీయ వైద్య కమిషన్ కూడా రాసిపెట్టింది. ఇంత చక్కటి కాగితాలుండగా, ఆదివారం ఉదయం కేస్‌షీట్ల కట్ట చంకలో పెట్టుకుని, రక్తం శాంపిళ్ళు తానే ల్యాబుకు మోసుకెళ్తున్న ఫస్టియర్ పీజీని ఆపి నిజం అడగడం మర్యాద కాదు. స్టైపెండ్ ఎన్ని నెలలకోసారి పడుతుందో కూడా అతని మొహం చూస్తే తెలిసిపోతుంది కనుక, మొహం కూడా చూడకండి.

ఈ పద్ధతి నచ్చని మొండివాళ్ళకు ఒకటే దారి. వెబ్ ఆప్షన్లకు ముందు, చేరాలనుకున్న విభాగానికి రాత్రి రెండింటికి వెళ్ళి, మేలుకుని ఉన్న సెకండియర్ పీజీకి ఒక టీ ఇప్పించండి. కేసులు చేతికి ఇస్తారా, థీసిస్ గైడు ఫోనెత్తుతారా, మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగండి. చెబుతాడు. ఇంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి టీ చల్లారేదాకా చెబుతాడు.

ఈ తిరుగుడులో ఆప్షన్లు లాక్ చేయడం మరిచిపోతామేమోనని భయపడకండి. ఆలిండియా కోటాలో గడువు దాటగానే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) సిస్టమే లాక్ చేసేస్తుంది, మీరు ఆలోచించినా ఆలోచించకపోయినా.