గిరాకీలో జీపు అమ్మేవారికి ఎదురు సలహాలు

2020 అక్టోబరు 2న మహీంద్రా కొత్త థార్‌ను విడుదల చేసింది. ఏడాది తిరిగేసరికి 75 వేల బుకింగులు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా చిప్‌లకు కరువొచ్చింది. డబ్బు కట్టినవాళ్లు నెలల తరబడి బండి కోసం కాచుకున్నారు. కాచుకునే ఓపిక లేనివాళ్లు వాడిన థార్‌నే ఇంచుమించు కొత్త ధరకు కొన్నారు. జిప్సీది ఇంకో దారి. 1985 చివర్లో మార్కెట్లోకి వచ్చిన ఈ మారుతి బండిని, కొత్త భద్రతా నిబంధనలకు సరిపోకపోవడంతో 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. కొత్తది దొరకదు కనుక, బాగా చూసుకున్న పాత జిప్సీ కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇలాంటి గిరాకీ ఉన్నప్పుడు బండి అమ్ముతానంటే ఊరంతా ఒకటే చెబుతుంది. పాలిష్ కొట్టించు, నలుగురిని పోటీకి దించు, ఎక్కువ ఇచ్చినవాడికి తాళాలిచ్చెయ్, అడిగితే తప్ప లోపాలు చెప్పకు. నా సలహాలన్నీ దీనికి ఎదురు. బేరాల్లో తలపండినవాళ్లు ఇవి తప్పుడు సలహాలంటారు. అన్నా సరే, నేను ఇవే చెబుతాను. ధర పెరగడంలో మన గొప్పేమీ లేదు. ఎక్కడో చిప్‌లు ఆగాయి, లేదా ఒక నిబంధన మారింది. పైగా జీపు కొనేవాడు దాన్ని టోయింగ్ వాహనం రాలేని చోటికి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తీసుకెళ్తాడు. అక్కడ మనం దాచిన లోపానికి మూల్యం చెల్లించేది అతనే.

1. ముందు అమ్మడం మానుకోండి

ధర బాగుందన్న ఒక్క కారణంతో అమ్మకండి. మళ్లీ ఫోర్ బై ఫోర్ కొనాలనిపిస్తే మీరూ అదే మండే మార్కెట్లో కొనాలి. ఎక్కువకు అమ్మి ఎక్కువకు కొంటే మధ్యలో మిగిలేది బ్రోకరు కమిషన్, పన్నులు, తిరుగుడు. మారేడుమిల్లి దారుల్లోనో, పాడేరు కొండల్లోనో ఏడాదికి నాలుగైదు సార్లైనా మీ బండికి పని ఉంటే ఉంచుకోండి.

అమ్మాల్సిన బండి వేరే ఉంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవరు కప్పుకుని, బ్యాటరీ దిగిపోయి, టైర్లు ఒకవైపు అణిగిపోయి నిలబడ్డ బండి. జీపు నిలబెడితే పాడవుతుంది. ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి. నిజంగా దానితో పని ఉన్నవాళ్లకు బండి దొరకని రోజుల్లో దాన్ని అలా ఉంచడం నాకు నచ్చదు. దాన్ని ఈ గిరాకీలోనే అమ్మండి.

2. ధర మీరే దించండి

ఇవాళ షోరూమ్‌లో అదే మోడల్ కొత్త బండికి ఆన్‌రోడ్ ధర ఎంతో కనుక్కోండి. ఎదుటివాడు ఇస్తానన్నా సరే, ఆ గీత దాటకండి. వయసునుబట్టి, తిరిగిన కిలోమీటర్లనుబట్టి అక్కడి నుంచి కిందికి రండి. జిప్సీలా ఆగిపోయిన బండికి షోరూమ్ ధర ఉండదు. దానికి ఒక్క ధర అనుకుని, దాని మీదే నిలబడండి. వేలంపాట పెట్టకండి.

కారణం ఉంది. గిరాకీ ఎప్పుడు విరుగుతుందో ఎవరికీ తెలియదు. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ 12.74 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షలకు దిగింది. ఆరు నెలల్లో రెండు లక్షల తేడా! 2023 జనవరిలో థార్ టూ వీల్ డ్రైవ్ 9.99 లక్షలకే వచ్చింది. 2024 ఆగస్టు 15న ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారి షోరూమ్ ధరలే తగ్గాయి. ఇలా ధర దిగిన, కొత్త బండి వచ్చిన ప్రతిసారీ, నిన్నటిదాకా పోటీపడి పాతబండి కొన్నవాడి కడుపు మండుతుంది. బ్యాంకులు పాతబండి అప్పుకు కొత్తబండి కంటే ఎక్కువ వడ్డీ వేస్తాయి కూడా. శక్తికి మించి పాడినవాడు తర్వాత సర్వీసింగ్‌లో, ఇన్సూరెన్సులో చెయ్యి బిగిస్తాడు. చెయ్యి బిగించినవాడి జీపు ఘాట్ రోడ్డు దిగుతుంటే నాకు భయం.

3. పాలిష్ కొట్టించకండి

పైన టెఫ్లాన్ మెరుపు, కింద నల్లటి అండర్‌కోటింగ్. అమ్మే ముందు చాలామంది చేయించే మొదటి పని ఇదే. మీరు చేయించకండి. అప్పుడే కొట్టిన అండర్‌కోటింగ్ కింద ఛాసీ తుప్పు కనపడదు. జీపు ప్రాణమంతా ఆ నిచ్చెన ఛాసీలోనే ఉంది. నీళ్లతో అడుగుభాగం శుభ్రంగా కడిగించండి, అంతే. తుప్పు ఉంటే ఉన్నట్టే కనపడాలి.

సూర్యలంకలోనో రుషికొండలోనో ఇసుకలోకి దించి, అలల్లో చక్రాలు తడిపిన బండైతే ఆ మాట ముందే చెప్పండి. ఉప్పునీటి దెబ్బ వెంటనే కనపడదు. ఒకటి రెండు వర్షాకాలాలు గడిచాక కమాన్ కట్టల మధ్య, బ్రేక్ పైపుల మీద, ఫ్లోర్ మ్యాట్ల కింద బయటపడుతుంది. అప్పటికి బండి మీ దగ్గర ఉండదు. అందుకే చెప్పాల్సింది మీరే.

4. లోపాలతోనే మొదలుపెట్టండి

ప్రకటనలో మొదటి వాక్యమే లోపం అయి ఉండాలి. "రెండో గేరు చలికాలం పొద్దున గట్టిగా పడుతుంది", "ఎడమ తలుపు ఒకసారి టింకరింగ్ అయింది", "వాగు దాటేటప్పుడు ఒకసారి నీళ్లలో ఆగింది" అని రాయండి. ఇలా రాస్తే ఫోన్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ఆ తర్వాత వచ్చే ఫోన్లు బండి తెలిసినవాళ్లవి.

టైర్ల సంగతి చెప్పండి. టైరు పక్కగోడ మీద డాట్ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గుండీలు ఎంత నిండుగా కనపడినా, రబ్బరు వయసు ఆ నాలుగు అంకెల్లో ఉంది. కొనేవాడికి చూడటం రాకపోతే మీరే వంగి చూపించండి.

మార్కెట్ చల్లగా ఉన్నప్పుడు లోపం చెబితే బండి అమ్ముడుపోదేమోనని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. గిరాకీలో ఆ భయమే అక్కర్లేదు. లోపం చెప్పినా బండి పోతుంది, మంచి ధరకే పోతుంది. నిజం చెప్పడానికి ఇంతకంటే తక్కువ ఖర్చయ్యే రోజులు మళ్లీ రావు.

5. మెకానిక్‌ను కొనేవాడే తెచ్చుకోవాలి, కూలి మీరివ్వాలి

గిరాకీలో కొనేవాడు తొందరలో ఉంటాడు. ఇంకొకడు ఎగరేసుకుపోతాడేమోనని చూడకుండానే అడ్వాన్సు ఇస్తానంటాడు. తీసుకోకండి. నమ్మకమైన మెకానిక్‌ను వెంటబెట్టుకుని రమ్మనండి. ఆ మెకానిక్ కూలి మీరు పెట్టుకోండి.

షెడ్డులో ఒక పని తప్పకుండా చేయించండి. వెనక డిఫరెన్షియల్‌కు ఆయిల్ పోసే బోల్టు విప్పించండి. వేలు పెట్టి తీస్తే అంటుకున్న ఆయిల్ చిక్కగా ఉండాలి. పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్లు పోయినట్టే. ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్సు కూడా అలాగే చూపించండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు, పళ్లు అరిగిపోతాయి. ఆ మరమ్మతు చిన్నది కాదు. బయటపడితే బాగుచేయించి ఇవ్వండి, లేదా ఆ ఖర్చు ధరలోంచి తీసెయ్యండి.

6. ఎక్స్‌ట్రా ఫిట్టింగులు పీకెయ్యండి

"రెండు లక్షల ఫిట్టింగులున్నాయి సార్" అని ధరకు కలిపి చెప్పడం అందరికీ అలవాటు. అమ్మే ముందు బండిని కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తీసుకురండి. ఇనుప బుల్‌బార్లు అనుమతి లేనివని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కంపెనీ నిర్దేశించినదానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎత్తు పెంచిన సస్పెన్షన్, ఫెండరు దాటే టైర్లు ఉన్న బండిని ఇస్తే చలానా కొన్నవాడికి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ అతనికి. అసలు టైర్లు, బంపర్లు ఇంట్లో ఉంటే బిగించి ఇవ్వండి. విప్పినవి అతనికి కావాలంటే విడిగా, వాటి సంగతి వివరంగా చెప్పి ఇవ్వండి.

7. కొనొద్దని చెప్పి చూడండి

వచ్చినవాడిని మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ పార్క్ చేస్తారు? ఏ దారుల్లో తిరుగుతారు? ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కుతారా?

రోజూ మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్లి రావడానికే అయితే వద్దని చెప్పండి. కమాన్ కట్టల మీద నడిచే జిప్సీ స్పీడ్ బ్రేకర్ దగ్గర నడుము విరుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మూడు తలుపుల థార్ వెనక సీట్లోకి ఎక్కలేదు. కొండ దారుల్లో టూరిస్టులను డబ్బుకు తిప్పుతానంటే తెల్ల బోర్డు బండితో కుదరదు, పర్మిట్ కావాలని చెప్పండి. ఇవన్నీ విన్నాక కూడా కావాలన్నవాడే మీకు కావలసినవాడు. కాఫీ తోటకో, కొండ మీద పొలానికో, బురద దారిలో ఆస్పత్రికో వెళ్లాల్సినవాడు తక్కువ చెప్పినా అతనికే ఇవ్వండి.

మాట ఇచ్చాక మరునాడు ఇంకొకరు యాభై వేలు ఎక్కువ ఇస్తానంటే? ఇచ్చిన మాటే మాట.

8. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇవ్వకండి

"29, 30 ఫారాల మీద సంతకం పెట్టండి, మిగతాది మేం చూసుకుంటాం" అని బ్రోకర్లు అంటారు. ఇవి పేరు మార్పు ఫారాలు. గిరాకీలో బండి చేతులు మారి మారి నాలుగో మనిషి దగ్గరికి చేరుతుంది, ఆర్సీలో మాత్రం మీ పేరే ఉంటుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి ఒకరోజు సెలవు పెట్టండి. స్లాట్ బుక్ చేసుకుని కొనేవాడితో కలిసి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. అప్పు తీరిన బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, 35వ ఫారం ముందే పెట్టి హైపోథికేషన్ తీయించండి. హైదరాబాద్ బండి విజయవాడ వెళ్తుంటే 28వ ఫారంతో ఎన్‌ఓసీ తీయాలి, అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు బేరానికి ముందే అతనికి తెలియాలి. ఇన్సూరెన్స్ బదిలీకి అతను 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు కనుక మీతోనే ఉంటుంది, ఆ తేడా ప్రీమియం అతను కట్టాల్సి వస్తుందని చెప్పండి. ఫాస్టాగ్ మూయించండి.

డీలరుకే అమ్మితే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రవాణా శాఖ అధికార పత్రం ఉన్న డీలరుకే అమ్మండి. బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకోండి.

9. తాళాలతో పాటు ఒక పూట ఇవ్వండి

ఇది చేసేవాళ్లు అరుదు. జీపు మొదటిసారి కొన్నవాడికి చిన్న గేరు లీవర్ అంటే ఏమిటో తెలియదు. ఖాళీ లేఔట్లోనో, చెరువు గట్టు దిగువ మట్టి దారిలోనో ఒక పూట కూర్చుని నేర్పండి.

థార్, జిమ్నీ, జిప్సీలలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు. అందుకే ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైర్లు ఈడ్చుకుపోతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. బురద, ఇసుక, జారుడు రాళ్ల మీదే వెయ్యాలని స్టీరింగ్ అతని చేతికిచ్చి తెలిసేలా చేయండి. జిప్సీ అయితే కిందికి దిగి ముందు చక్రాల హబ్బులు చేత్తో లాక్ చేయడం చూపించండి. తర్వాత చిన్న లీవర్‌ను 4ఎల్‌కు, అంటే ఫోర్ వీల్ లో రేంజికి మార్చి, మొదటి గేరు వేయించి, బ్రేకు మీద కాలు పెట్టకుండా వాలు దింపించండి. ఇంజనే బండిని పట్టి దింపుతుందని అర్థమైతే, దిగుడులో బ్రేకులు కాల్చుకోడు.

వాడి, నేర్చుకుని, బాగుచేయించిన పెద్దవాళ్లే జీపు ఎలా నడపాలో వెనక వచ్చేవాళ్లకు చెప్పాలి. బండి ధర ఎంత పెరిగినా ఈ చదువు షోరూమ్‌లో దొరకదు. సర్వీసు బిల్లులు, స్పేర్ తాళం, జాకీ, టూల్ బ్యాగు చేతికిచ్చి, వచ్చే వర్షాకాలం వరకు ఏ సందేహం వచ్చినా ఫోన్ చెయ్యమని చెప్పండి. చేస్తే ఎత్తండి.