గట్టు నడక పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

బండి చెట్టు కింద బాగుగా నిలబెట్టి
గట్టు మీద నడుచు ఘనుడె రాజు
బండి లేక నడువ బతుకందు రంతియే
ఓరుగంటి వారి యోగ మిదియె

అవతారిక: ఓరుగల్లునేలిన కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానకవి విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రానికి మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి ‘రత్నాపణం’ అనే వ్యాఖ్య చేశాడు. ఓరుగల్లుకూ టీకలకూ అంత పాత చుట్టరికం. భద్రకాళి చెరువు గట్టు మీద పొద్దున్నే తిరిగే జనం గురించిన పై పద్యానికి మాత్రం ఇంతవరకు టీక లేదు. మూలంలో లేనిది రాయనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ ఇబ్బంది లేదు.

ప్రతిపదార్థం: బండి = ఇంటి నుంచి గట్టు దాకా నడవకుండా కాపాడిన వాహనమును; చెట్టు కింద = తిరిగొచ్చేసరికి సీటు కాలని చోట; బాగుగా = సైడ్ స్టాండు మీద గాక మెయిన్ స్టాండు మీద, లాకు పడ్డదో లేదో హ్యాండిల్ రెండుసార్లు తిప్పి చూసి; నిలబెట్టి = నిలిపి; గట్టు మీద = కట్టపై; నడుచు = కాళ్లకంటే చేతులు ఎక్కువగా ఊపుచు సాగునట్టి; ఘనుడె = పెద్దమనిషియే; రాజు = ప్రభువు. తక్కినది సుబోధము.

తాత్పర్యం: ఎక్కడానికి ఏదో ఒకటి ఉండి, దాన్ని కాదని నడిచేవాడు రాజు. ఏమీ లేక నడిచేవాడిది నడకగా ఎవరూ లెక్కపెట్టరు.

విశేషాలు: జపాన్ చక్రవర్తి నరుహితోకు కొండలెక్కడం సరదా. నార్వే రాణి సోన్యా కొండదారుల నడకకు పేరుపడ్డ మనిషి. బ్రిటన్ రాజు మూడో ఛార్ల్స్‌కూ కొండల్లో తిరగడం ఇష్టం. ముగ్గురికీ వాకిట్లో కార్లున్నాయి, తలుపు తీసేవాళ్లున్నారు. అవన్నీ వద్దనుకున్నారు గనుకే వాళ్ల నడక అభిరుచి అయింది.

మూడో పాదానికి దృష్టాంతం గట్టు బయటే దొరుకుతుంది. తోటకూర గంప నెత్తిన పెట్టుకొని పోతున్న ముసలామెను ఒక వాకర్ పలకరించాడు: “అవ్వా, పొద్దుగాల ఎన్ని రౌండ్లు కొడ్తవ్?”

“రౌండ్లేంది బిడ్డా, గంప ఖాళీ అయ్యేదాంక తిరుగుడే.”

కవి హృదయం ఇదే. ఆమె అడుగులు లెక్కపెట్టే గడియారం ఇంకా ఏ చేతికీ ఎక్కలేదు.

ఆక్షేపం: మరి మన కాకతీయులు నడవలేదా?

సమాధానం: శాసనాలు వాళ్ల దానాలు చెబుతాయి, చెరువులు చెబుతాయి, గెలుపులు చెబుతాయి. పొద్దుటి నడక ఊసు వాటికి పట్టదు. శిల్పులు అసలే నడవనివ్వరు. వరంగల్ దగ్గరి బొల్లికుంటలో దొరికిన ఒక శిల్పంలో రుద్రమదేవి గుర్రం మీదే ఉంది. ఇక 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీ దారి పట్టించారు. నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస శాసనం. రాజే కదా అని ఆ ప్రయాణాన్ని ఈ పద్యం కిందికి తేరాదు. వద్దంటే ఆగే వీలున్నవాడికే ఇది వర్తిస్తుంది. రాజరికం కిరీటంలో లేదు, ఆ వీలులో ఉంది.

పాఠాంతరం: మొదటి పాదంలో ‘బండి’కి బదులు ‘కారు’ అని కొందరు చదువుతారు. గణం నిలుస్తుంది గానీ యతి చెడుతుంది, పైగా పార్కింగు దొరకదు. గ్రాహ్యం కాదు.

ఫలశ్రుతి: ఈ టీక చదివి, రేపు బండి ఇంట్లోనే వదిలి గట్టు దాకా నడిచొచ్చినవాడు ఏమవుతాడని శిష్యుడి సందేహం. శాస్త్రప్రకారం అతను రాజూ కాడు, బతుకు కోసం నడిచేవాడూ కాడు. పెట్రోలు మిగిలినవాడు.