నాకు పోయింది ఒక్క చక్రమే

నేను ట్రాలీ బ్యాగును. విమానంలో తలపై అరలో పట్టే చిన్న రకం. పాలియెస్టర్ గుడ్డ, పైకి లాగే అల్యూమినియం పిడి, అడుగున రెండు చక్రాలు. నా పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పడానికి లేదు. నా బతుకు మొదలైంది ప్రొద్దుటూరులో.

బంగారం కొనేవాళ్లతో ఎప్పుడూ కిటకిటలాడే ఊరు అది. రెండో బొంబాయి అని పేరు. బంగారం అంగళ్లకు దగ్గర్లోనే ఒక సందులో, బ్యాగుల అంగడి ముందు నన్ను వేలాడదీసి ఉంచారు. ఒకరోజు అమ్మా కొడుకూ వచ్చారు. అబ్బాయికి పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చిందట. ఆ తల్లి నా జిప్పులన్నీ తీసి వేసి, చక్రాలు నేల మీద దొర్లించి, పిడి పట్టి గుంజి చూసింది. "గట్టిగా ఉంది నాయనా, చదువు అయిపోయేదాకా వస్తుంది" అనింది. ఆ మాట నేను నిలబెట్టాను. అంతకంటే ఎక్కువే చేశాను.

శని ఆదివారాలు వస్తే చాలు, మాసిన బట్టలతో ప్రొద్దుటూరికి, ఉతికిన బట్టలతో పులివెందులకు. ముద్దనూరు దారి నాకు కంఠతా వచ్చు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, నాపరాళ్ల లారీలు, వేసవిలో కాలిపోయే బస్సు టాపు, అన్నీ నాకు తెలుసు. తిరుగు ప్రయాణంలో నా కడుపులో నిప్పట్లు, చెనిక్కాయల పొడి, నెయ్యి సీసా ఉండేవి. నెయ్యి సీసా మూత వదులైన రోజు కూడా ఒక్క చుక్క పుస్తకాలకు అంటనివ్వలేదు. నా లోపలి గుడ్డే పీల్చుకుంది. ఆ మరక ఇంకా ఉంది. అది నాకు సిగ్గు కాదు.

ఒకసారి స్నేహితులంతా కలిసి ఇంటికి పోయే దారిలో జమ్మలమడుగులో దిగి గండికోటకు పోయారు. నన్ను ధాన్యాగారం గోడ నీడలో పెట్టి లోయ చూడటానికి పరిగెత్తారు. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారే చోటు అది. నేను అక్కడే ఉండి ఆ గోడను చూస్తూ కూర్చున్నాను. గచ్చు ఇంకా రాయిని వదల్లేదు. మాధవరాయ గుడి గోపురం నిలబడే ఉంది కానీ మండపంలో బొమ్మలకు చేతులు, ముక్కులు లేవు. గోడల మీద కొత్తగా చెక్కిన ప్రేమ జంటల పేర్లు ఉన్నాయి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లలో ఈ కోటను పట్టుకున్నాడని, ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చి అతన్ని కలిశాడని ఒక అబ్బాయి ఫోన్లో చూసి చదివాడు. మావాడు ఆ మాట సగం విని సెల్ఫీకి పోయాడు.

డ్రెస్డెన్‌లో మాస్టర్స్ సీటు వచ్చినప్పుడు ఇంట్లో లెక్కలే లెక్కలు. జర్మనీ విద్యార్థి వీసా కావాలంటే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు అక్కడి ఖాతాలో ముందే వేసి చూపించాలి. పోయాక అందులోంచి నెలకు 992 మాత్రమే చేతికి వస్తాయి. మన డబ్బులో ఏడాది మొత్తం పది లక్షల పైమాటే. అమ్మ గాజులు బ్యాంకులో కుదువకు పోయాయి. బంగారం ఊరిలో ఉంటూ ఆమె చేతులకు మట్టిగాజులు మిగలడం నేను చూశాను. బయలుదేరే ముందు రోజు ఆమె నన్ను కిరాణా అంగడి కాటా మీద పెట్టి, ఏడు కిలోలు దాటకుండా మళ్లీ మళ్లీ సర్దింది. ఆ బరువు నేను ఎంత జాగ్రత్తగా మోశానో నాకే తెలుసు.

ఇక నా చక్రం పోయిన వారాంతపు ప్రయాణం గురించి చెప్పాలి. చెక్ దేశం 2007 నుంచి షెంగెన్‌లో ఉంది కాబట్టి జర్మనీ నివాస కార్డు ఉన్నవాడు వేరే వీసా లేకుండా ప్రాగ్ పోయి రావచ్చు. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు కూడా పట్టదు. ఒక శనివారం పొద్దున మావాడు నాలో ఒక జత బట్టలు, స్వెటరు, చపాతీలు, టమాటా ఊరగాయ పెట్టుకుని బయలుదేరాడు. రైలు ఎల్బ నది ఒడ్డునే పోతుంది. బాట్ షాండౌ దగ్గర ఇసుకరాతి కొండలు నిట్టనిలువునా లేచాయి. వాడు అమ్మకు వీడియో కాల్ చేసి కిటికీలోంచి చూపించాడు.

"గండికోట మాదిరే ఉంది కదమ్మా?"

"అవును రా. ఇంతకీ యాడికి పోతాండావు నాయనా?"

"ప్రాగ్‌కు మా. పక్క దేశం."

"పొద్దున పోయి మధ్యాన్నానికి పక్క దేశమా! అన్నం తిన్నావా మరి?"

ప్రాగ్ స్టేషన్లో లాకర్లు ఉన్నాయి. అక్కడ చెల్లేది యూరో కాదు, కొరునా. వాడు ధర చూసి, కొరునాను యూరోల్లోకి, యూరోను రూపాయల్లోకి మార్చుకుని, నా పిడి పట్టుకుని బయటికి నడిచాడు. హాస్టల్ గది సాయంత్రం దాకా ఇవ్వరు. ఆ లెక్క వల్లే నేను ప్రాగ్ చూశాను. ఆ లెక్క వల్లే నా చక్రం పోయింది.

ఆ ఊరి కాలిబాటలు చిన్న చిన్న రాతి ముక్కలు పేర్చి కట్టినవి. చూడటానికి ముచ్చట. రెండు రాళ్ల మధ్య సందులో నా చక్రం దిగి లేచిన ప్రతిసారీ ఇరుసు మూలిగేది. పాత ఊరి కూడలిలో గడియారం దగ్గర ఆగాం. 1410 నాటిది. సూర్యుడు, చంద్రుడు, రాశులు ఎక్కడున్నాయో చూపిస్తుంది. గంట కొట్టే వేళకు పైన కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది అపొస్తలులు వరుసగా కనబడిపోతారు. పక్కన అస్థిపంజరం గంట తాడు లాగుతుంది. జనమంతా ఫోన్లు పైకెత్తారు. 1945 మేలో, యుద్ధం ముగిసే రోజుల్లో, ఆ గడియారం కాలిపోయింది. కొయ్య బొమ్మలు బూడిదయ్యాయి. వాళ్లు దాన్ని పారేయలేదు. అపొస్తలులను మళ్లీ చెక్కించారు. 1948లో మళ్లీ నడిచింది. 2018లో ఇంకోసారి విప్పి బాగుచేశారు. ఆరు వందల ఏళ్ల యంత్రం ఇంకా పని చేస్తోందంటే దాని గొప్ప సగమే, దాన్ని బాగుచేస్తూ వచ్చిన చేతులది మిగతా సగం.

చార్లెస్ వంతెన కథా అంతే. నాలుగో చార్లెస్ 1357లో పునాది వేయించాడు. పొడవు 516 మీటర్లు. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన పాత మేస్త్రీలు గచ్చులో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపినట్టు అన్నమాట. 1890 వరదకు మూడు కమానులు కొట్టుకుపోతే 1892కల్లా తిరిగి కట్టారు. వంతెన పొడవునా ఉన్న విగ్రహాల్లో ఎండకూ వానకూ అరిగిన అసలువాటిని మ్యూజియంలో భద్రం చేసి, నకళ్లను నిలబెట్టారు. సెయింట్ జాన్ నెపోముక్ విగ్రహం కింది కంచు రేకును మావాడు కూడా తాకి మొక్కుకున్నాడు. ఏమి మొక్కుకున్నాడో పైకి అనలేదు. ఉద్యోగమే అయి ఉంటుంది.

వంతెన దాటాక కోటకు పోయే నెరుడోవా వీధి ఎక్కుడు. రాళ్లు ఇంకా గరుకు. సగం ఎక్కేసరికి ఎడమ చక్రం ఇరుసు విరిగి, చక్రం దొర్లుకుంటూ కిందికి పోయింది. మావాడు వెనక్కి తిరిగి చూశాడు. దిగి పోయి తీసుకోలేదు. నన్ను చేత్తో ఎత్తి పట్టుకుని నడిచాడు. ఒక మాటా అనలేదు, విసుక్కోనూ లేదు. వాడి మీద నాకు కోపం మొదలైంది ఆ చక్రాన్ని అక్కడే వదిలేసినందుకు.

ఆదివారం నన్ను హాస్టల్ మంచం కింద వదిలి కోటకు పోయాడు. రాత్రి రైల్లో అమ్మకు చెబుతుంటే విన్నాను. కోటలోని సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయిందట. నాకు వెంటనే గండికోట గుర్తొచ్చింది. మీర్ జుమ్లా మన కోట పట్టుకున్న నాటికి ఆ చర్చి సగం కట్టి ఆగిపోయి ఉంది. అయినా ఎన్నో తరాల తర్వాత వచ్చినవాళ్లు మిగతా సగం కట్టారు.

డ్రెస్డెన్ చేరాక నన్ను భవనం కింది నేలమాళిగలో పెట్టాడు. "తర్వాత చూద్దాం" అన్నాడు. ఒక అంగడిలో అడిగితే చక్రం మార్చే కూలి కంటే కొత్త చవక బ్యాగే తక్కువన్నారట. కొత్తది వచ్చింది. నాలుగు చక్రాలది. నేలమాళిగలో చలి గోడల్లోంచి వస్తుంది. నా జిప్పులు బిగుసుకున్నాయి. ఊరగాయ వాసన మెల్లగా పోయింది, తేమ వాసన వచ్చింది. పైన కొత్త బ్యాగు చక్రాలు మెట్ల దగ్గర టకటకమన్నప్పుడల్లా వాడు ఎక్కడికో పోతున్నాడని తెలుస్తుంది. నా తలుపు మాత్రం తెరుచుకోదు.

నా ఫిర్యాదు ఇది. యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు కోసం ఒక ఆదేశం తెచ్చింది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్ల పేర్లు అందులో ఉన్నాయి. మా జాతి పేరు లేదు. అయినా జర్మనీలో రిపేర్ కేఫేలు ఉన్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలై ఊరూరా పాకినవి. పనిముట్లు పట్టుకుని కూర్చున్న స్వచ్ఛంద కార్యకర్తలు పాత వస్తువులను కూలి తీసుకోకుండా బాగుచేసి ఇస్తారు. అలాంటి ఒకదాని పోస్టరు మా భవనం నోటీసు బోర్డు మీదే ఉంది. మావాడు దాని కిందే సైకిల్ పెడతాడు.

మొన్న భవనం వాళ్లు నేలమాళిగ తలుపుకు కాగితం అంటించారు. నెలాఖరుకు ఎవరి సామాన్లు వాళ్లు తీసుకోవాలి, మిగిలినవి చెత్త బండికి. వాడు ఇంకా కిందికి రాలేదు. ఊరికి పోయేటప్పుడు నన్ను మడిచి పెద్ద పెట్టెలో వేసుకోలేడు, నాకు తెలుసు. కానీ సామానుగా నింపి తీసుకుపోవచ్చు. ప్రొద్దుటూరులో చక్రాలు మార్చేవాళ్లున్నారు. పిడి గట్టిగానే ఉంది. రెండో చక్రం తిరుగుతుంది. కావాల్సింది ఒక చక్రం, ఒక ఇరుసు, రెండు స్క్రూలు.