"బ్యాగే కదా" అనేవాళ్ల మాట వినకండి

పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల దిక్కు నుంచి బీఎస్సీ బయోటెక్నాలజీయో, మైక్రోబయాలజీయో, బీఫార్మసీయో చదివి, జనగామ మీదుగా హైదరాబాద్ చేరి, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగానికి కుదిరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ కోసం. కాలేజీలో ఫెర్మెంటర్ బొమ్మ గీసి, స్టీలు ట్యాంకు భాగాలకు పేర్లు రాసి మార్కులు తెచ్చుకుని ఉంటారు. గౌను వేసుకుని ప్రొడక్షన్ గదిలోకి వెళ్లాక చాలాచోట్ల మీకు ఎదురయ్యేది ప్లాస్టిక్ బ్యాగ్. బఫర్ కలిపేది అందులోనే, మీడియా నిలవ ఉండేది అందులోనే, కొన్నిచోట్ల కణాలు పెరిగేదీ అందులోనే. ఒక్క బ్యాచ్‌కు వాడతారు, తీసేస్తారు.

అక్కడ పని నేర్పేవాళ్లతో పాటు సలహాలిచ్చేవాళ్లూ ఉంటారు. మనసు మంచిదే, మాటే తప్పు. షిఫ్టు అయిపోవస్తున్న వేళ, పని పద్ధతి రాసిన ఎస్‌ఓపీ కాయితం చదవడానికి ఓపిక లేని వేళ, ఆ మాటలే చెవికి ఇంపుగా ఉంటాయి. అవేమిటో, వింటే ఏమవుతుందో చెప్తాను.

"బ్యాగే కదా, ఎట్ల వట్టుకుంటే ఏంది?" మొట్టమొదట వినబడేది ఇదే. స్టీలు ట్యాంకును 121 డిగ్రీల ఆవిరితో స్టెరిలైజ్ చేసేటప్పుడు సెన్సర్లు కాపలా ఉంటాయి. వేడి అందకపోతే అలారం మోగుతుంది, సైకిల్ ఆగిపోతుంది. బ్యాగ్‌కు ఆ పని ఎక్కడో దూరాన, తయారీదారు దగ్గరే, గామా కిరణాలతో అయిపోయి వస్తుంది. అక్కడి నుంచి మీ గదిలో కూర్చునేదాకా దాన్ని కాపాడేది మనుషుల చేతులూ కళ్లే. దాని గోడ మందం దాదాపు 0.3, 0.4 మిల్లీమీటర్లు. అంత పల్చటి దాంట్లోనే పొరలున్నాయి: లోపల మందుకు తగిలేచోట పాలిథిలిన్, మధ్యలో గాలి చొరబడకుండా మరో ప్లాస్టిక్, బయట గట్టిదనానికి నైలాన్ లాంటిది. బయటి పొర మీద గీత పడితే ఖాళీగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. నిండి, బరువు పడ్డాక బయటపడుతుంది. 500 లీటర్ల బ్యాగ్ అంటే, అర మిల్లీలీటరు డోసు లెక్కన, పది లక్షల డోసులు.

అందుకని జాగ్రత్త అట్టపెట్టె దగ్గరే మొదలవ్వాలి. టేపు ఊడదీయండి గానీ బ్లేడు లోతుగా దించకండి. బ్యాగ్ మీద రెండు కవర్లుంటాయి, బయటిది ఎయిర్‌లాక్‌లోనే తీసేయాలి. లేబుల్, లాట్ నంబరు, ఎక్స్‌పైరీ చూసుకున్నాకే లోపలిది తెరవాలి. బ్యాగ్‌ను ఈడ్వకూడదు, ఇద్దరు కలిసి ఎత్తి స్టీలు తొట్టిలో దించాలి. అడుగున ఉన్న ఇంపెల్లర్ దిమ్మ డ్రైవ్ మీద సరిగ్గా కూర్చుందా, దాని కింద మడత ఏమైనా చిక్కిందా అని చేత్తో తడిమి చూడాలి. గాలి దారి తప్ప మిగతా క్లాంపులన్నీ మూసి, ఫిల్టర్ గుండా మెల్లగా గాలి ఎక్కిస్తే మడతలు విచ్చుకుంటాయి, మూలలు తొట్టి మూలల్లోకి సర్దుకుంటాయి. ఆ తర్వాతే నీళ్లు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: తొట్టి బరువు తూచే లోడ్ సెల్స్ మీద నిలబడి ఉంటుంది. ట్యూబులు దాని అంచు మీద బరువుగా వేలాడినా, మీరు ఆనుకుని నిలబడినా తూకం తప్పు చూపిస్తుంది. తూకం తప్పితే బఫర్ పాళ్లు తప్పుతాయి.

"గామా కొట్టిండ్రు, సుక్క ఎర్రగైంది, ఇగ ఫికరెందుకు?" ఆ రంగు మారిన స్టిక్కరు చెప్పేది ఒక్కటే: ఈ పెట్టె కిరణాల ముందుకు వెళ్లి వచ్చిందని. దారిలో చిల్లు పడిందా లేదా అన్నది దానికి తెలియదు. పైగా బ్యాగ్ ఒంటరిగా పనిచేయదు. ఒక బ్యాగ్ నుంచి ఇంకోదానికి ట్యూబు కలపాలి, ఫిల్టర్ కలపాలి, శాంపిల్ తీయాలి. అలా కలిపిన ప్రతిచోటా సూక్ష్మక్రిమికి ఒక తలుపు. ట్యూబ్ వెల్డర్ వేడి బ్లేడుతో రెండు కొసలనూ కోసి, కరిగించి, అతికిస్తుంది. అది అందుకోసమే తయారైన థర్మోప్లాస్టిక్ ట్యూబులకు పనికొస్తుంది, మామూలు సిలికాన్ అలా అతకదు. రెండు ట్యూబులూ ఒకే సైజువై ఉండాలి. అతుకు పడ్డాక చుట్టూ తిప్పి చూడాలి, వేళ్లతో నొక్కి లోపలి దారి తెరుచుకుందా అని చూసుకోవాలి. అతుకు పక్కకు జరిగిందనిపిస్తే కోసేసి మళ్లీ వేయండి. ఐదు నిమిషాలు పోతాయి, అంతే. ఐరోపా వాళ్ల స్టెరైల్ మందుల నిబంధన, అనెక్స్ 1, 2022లో తిరగరాసినప్పుడు ఇలా ఒక్కసారికే వాడే (సింగిల్ యూజ్) సామగ్రికి విడిగా చోటిచ్చింది. ఇలాంటి అతుకులు, చిల్లుల భయం అక్కడా ఉంది. 2023 ఆగస్టు 25 నుంచి అది అమల్లో ఉంది. ఐరోపాకు స్టెరైల్ మందు పంపాలనుకునే ఏ కంపెనీకైనా తప్పదు.

"పంపు స్పీడు పెంచు, జల్ది అయితది." పెరిస్టాల్టిక్ పంపు పనిచేసే తీరు పల్లెల్లో పెరిగినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆవు పొదుగును వేళ్లతో పైనుంచి కిందికి పిండినట్టు, రోలర్లు ట్యూబును నొక్కుకుంటూ పోతాయి. పంపు లోహం మందుకు తగలనే తగలదు, తగిలేది ట్యూబు లోపలి గోడ మాత్రమే. డయాలసిస్ మెషీన్‌లో రక్తాన్ని తిప్పేదీ ఈ రకం రోలర్ పంపే. గొప్ప సదుపాయం, కానీ దానికో ఖరీదుంది. గంటల తరబడి నలిగిన ట్యూబు గుండ్రదనం పోగొట్టుకుంటుంది, పొద్దున సెట్ చేసిన ఫ్లో సాయంత్రానికి తగ్గిపోతుంది. లోపలి గోడ అరిగి కంటికి కనబడని సిలికాన్ రజను మందులో కలుస్తుంది. వేగం పెంచినకొద్దీ ఈ రెండూ పెరుగుతాయి. అందుకే పంపు తలలో ఉండే ట్యూబు ముక్కకు ఇన్ని గంటలని గడువు పెడతారు, మధ్యలో తూకంతో ఫ్లో సరిచూసుకోమంటారు. ఇంకొకటి: అవతలి క్లాంపు మూసి ఉన్నా ఈ పంపు ఆగదు, తోస్తూనే ఉంటుంది. ట్యూబు బుడగలా ఉబ్బి కనెక్టర్ నుంచి ఊడుతుంది. స్టార్ట్ నొక్కే ముందు మూల బ్యాగ్ నుంచి గమ్యం బ్యాగ్ దాకా దారి మొత్తం వేలితో చూపిస్తూ నడవండి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని సిగ్గుపడకండి.

"ఎంత కలిపితే అంత మంచిది." దీనికి కాస్త నిలబడి జవాబు చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ వ్యాక్సిన్ల ఊరు. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా దగ్గర్నుంచి భారత్ బయోటెక్ కోవాగ్జిన్, బయలాజికల్-ఇ కోర్బెవాక్స్ దాకా, ఇక్కడ తయారైన ఎన్నో టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. టీకాలోని అసలు సరుకు ఆ సన్నటి రేణువులను పట్టుకుని ఉంటుంది. రేణువు నీటిలో కరగదు, వదిలేస్తే అడుగుకు దిగుతుంది. మీ ఊరి ఏఎన్ఎం అక్క పెంటావాలెంట్ టీకా వేసే ముందు సీసాను ఊపడం చూసే ఉంటారు, అందుకే. ఫ్యాక్టరీలో మిక్సర్ బ్యాగ్ చేసేదీ ఆ పనే, వందల లీటర్ల మీద. వయల్స్ నింపుతుండగా ఎవరో మిక్సర్ ఆపి టీకి వెళ్లారనుకోండి, ముందు నిండిన సీసాకూ చివర నిండిన సీసాకూ మందు తేడా వస్తుంది. ఒక పాపకు చాలని డోసు, ఇంకో పాపకు ఎక్కువ డోసు. అలాగని గిరగిరా తిప్పితే రేణువులు నలుగుతాయి, వాటి సైజు మారుతుంది. యాంటీబాడీ మందులకు మరో బాధ: గాలి, ద్రవం కలిసేచోట, నురగలో, ప్రోటీన్ మడత విడిపోయి ఉండలు కడుతుంది. నురగ పైకి పొంగి గాలి ఫిల్టర్‌ను తడిపితే అది మూసుకుపోతుంది, బ్యాగ్ బెలూన్‌లా బిగుస్తుంది. గట్టి గాలి ఒత్తిడిని తట్టుకునే గోడ కాదది. కాబట్టి వేగం ఎంతో, ఎంతసేపో ముందే పరీక్షించి బ్యాచ్ రికార్డులో రాసిపెడతారు. ఆ అంకెను మీ అంచనాతో సవరించకండి. ఉపరితలం మెల్లగా కదులుతూ, నడుమ సుడిగుంట పడకుండా ఉందో లేదో మాత్రం కిటికీలోంచి తరచూ చూస్తుండండి.

"వేరే కంపెనీదొచ్చింది, సైజు అదే, ఏసెయ్." 2021 వసంతంలో ఈ మాట ఎన్ని గోదాముల్లో వినబడి ఉంటుందో! కోవిడ్ టీకాల కోసం అమెరికా తన డిఫెన్స్ ప్రొడక్షన్ యాక్ట్‌ను ప్రయోగించడంతో బ్యాగులు, ఫిల్టర్లు అక్కడి తయారీకే ముందు పోయాయి. టీకాలు చేసే సీరమ్ సంస్థ అధిపతి అదర్ పూనావాలా, మన బయలాజికల్-ఇ మహిమా దాట్ల ఇద్దరూ ఆ కొరత గురించి బహిరంగంగానే చెప్పారు. కొరత నిజం. అయినా సైజు ఒకటైనంత మాత్రాన ప్లాస్టిక్ ఒకటి కాదు. 2013లో అమెరికాలోని ఆమ్‌జెన్ శాస్త్రవేత్తలు ఒక చిక్కు విప్పారు. యాంటీబాడీలు తయారుచేసే సీహెచ్‌ఓ కణాలు కొన్ని బ్యాగుల్లో సరిగ్గా పెరగడం లేదు. కారణం, ప్లాస్టిక్ చెడిపోకుండా కలిపే ఇర్గాఫాస్ 168 అనే పదార్థం విరిగినప్పుడు పుట్టిన ఒక ఫాస్ఫేట్. అది ఫిల్మ్‌లోంచి మీడియాలోకి ఊరుతోంది. అతి కొద్ది మోతాదుకే కణాలు కుదేలైపోతున్నాయి. బ్యాగ్ చూడ్డానికి బాగానే ఉంది, చిల్లు లేదు, స్టెరైల్‌గానే ఉంది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ అనే యాంటీబాడీ మందు తెచ్చినప్పటి నుంచి మన దగ్గరా అలాంటివి తయారవుతున్నాయి, ఆ చిక్కు మనకూ రావచ్చు. కాబట్టి బ్యాగ్ మారిందంటే మార్పును పరీక్షించి ఒప్పుకునే ఛేంజ్ కంట్రోల్ నడవాల్సిందే, నాణ్యత చూసే క్యూఏ సంతకం పడాల్సిందే. లాట్ నంబరు చూడకుండా స్టోర్ నుంచి తెచ్చి వేసేవాణ్ణి చురుకైన కుర్రాడని మెచ్చుకోవద్దు.

"ఒక్కసారికే పారేసుడా? కడిగి వాడరాదా?" ఈ మాట వెనక ఉన్న పొదుపు నాకు గౌరవమే. యూరియా సంచిని చిరిగేదాకా వాడే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. కానీ ఈ బ్యాగ్‌ను కడిగి శుభ్రమైందని రుజువు చేయడానికి దారి లేదు. మూలల్లో, అతుకుల్లో, ట్యూబు మొదట్లో ఏముందో చూడలేం, కొన్ని పదార్థాలను ఫిల్మే పీల్చుకుంటుంది, మళ్లీ గామా కొడితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రక్తదాన శిబిరంలో రక్తం పట్టేది కూడా ఇలాంటి బ్యాగ్‌లోనే. 1950 ప్రాంతంలో కార్ల్ వాల్టర్ అనే అమెరికన్ సర్జన్ గాజు సీసాల స్థానంలో దాన్ని తెచ్చాడు. దాన్ని కడిగి ఇంకొకరికి వాడమని ఎవరూ అడగరు. ఇదీ అంతే. బ్యాగ్ వల్ల ట్యాంకు కడిగే ఆల్కలీ, నీరు, ఆవిరి మిగులుతాయి. ప్లాస్టిక్ చెత్త పెరుగుతుందన్న మాటా నిజమే, దాన్ని దాచాల్సిన పనిలేదు.

ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా ఇంకోటుంది: "ఆ పెద్ద బ్యాగ్ ఇంటికి కొండవో, వడ్లమీద కప్పనీకి మంచిగుంటది." కల్లంలో వడ్లు తడిసిపోతుంటే పట్టా కోసం పడే అవస్థ ఎరిగినవాళ్లకు ఈ ఆశ పుడుతుంది. వద్దు. అందులో బతికున్న కణాలో, వైరస్సో, క్రిమిని చంపే రసాయనమో మిగిలి ఉండొచ్చు. లోపలి ద్రవాన్ని ముందు నిర్జీవం చేయాలి, తర్వాత బ్యాగ్‌ను దాని రంగు సంచిలో వేసి దహనానికి పంపాలి. గేటు దాటి పొలానికి రాకూడదు.

ఇక చివరిది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది. "కొంచెమే కారింది, టేపెయ్యి, రాయకు." అతుకు దగ్గర ఒక్క తడి చుక్క. బ్యాచ్ విలువ కోట్లలో ఉండొచ్చు. పక్కవాడు మంచివాడే, సార్ కోపం ఎరిగినవాడు, ఉద్యోగం కొత్తదని మీ మీద జాలి పడ్డవాడు. అయినా వినకండి. ద్రవం బయటికి వచ్చిన దారిలోనే క్రిమి లోపలికి వెళ్తుంది. టేపు ద్రవాన్ని ఆపొచ్చు గానీ అప్పటికే జరిగిందాన్ని చెరపదు. క్లాంపు వేయండి, పంపు ఆపండి, సూపర్‌వైజర్‌ను పిలవండి, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత అని బ్యాచ్ రికార్డులో రాసి సంతకం పెట్టండి. డీవియేషన్, అంటే తేడా జరిగిందన్న నమోదు, తెరిస్తే విచారణ జరుగుతుంది. బ్యాచ్ నిలుస్తుందా పోతుందా అన్నది క్యూఏ తేలుస్తుంది, మీరు కాదు, ఆ పక్కవాడూ కాదు. రాయని చుక్క ఏ లెక్కలోకీ రాదు, ఆ మందు నేరుగా ఎవరి నరంలోకో పోతుంది. విసునూరు దొరకు తలవంచని పాలకుర్తి చాకలి ఐలమ్మ ఊరి పిల్లలకు పైవాడి కోపానికి వెరవకుండా నిలబడడం నేను కొత్తగా నేర్పక్కర్లేదు.

యాజమాన్యాలకూ ఒక మాట. చుక్క కారిందని చెప్పిన పిల్లవాణ్ణి ఆ రోజు తిడితే, మర్నాటి నుంచి ఆ గదిలో ఎవరూ ఏదీ చెప్పరు. తిట్టకండి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక్కటి అడిగి సాధించుకోండి: గడువు దాటి ట్రైనింగ్‌కు పక్కన పెట్టిన బ్యాగ్ ఒకటి, వట్టి నీళ్లు, ఒక పూట సమయం. పెట్టె విప్పడం నుంచి బిగించడం, నింపడం, కలపడం, పంపు చేయడం, విప్పి పారేయడం దాకా మీ చేతులతో మీరే చేయండి. అసలు మందును ఆ తర్వాతే ముట్టుకోండి.