నా పేరు ముందు చుక్క

కంప్యూటర్లో లినక్స్ ఎక్కించినప్పుడు నేను పుట్టలేదు. ఆ తతంగమంతా అయ్యాక, యూజర్ పేరూ పాస్‌వర్డూ కొట్టి మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు పుట్టాను. రేపల్లె బస్టాండు దగ్గర జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునే ఒకావిడ హోమ్ ఫోల్డర్లో, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ పక్కనే నా కాపురం. వాళ్ళు కనిపిస్తారు, నేను కనిపించను. నా పేరు కాన్ఫిగ్, దాని ముందు ఒక చుక్క. యూనిక్స్ వంశంలో చుక్కతో మొదలయ్యే పేర్లను అడిగితే తప్ప చూపించరు.

ఈ ఆచారం ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. తొలినాళ్ళ యూనిక్స్‌లో ప్రతి ఫోల్డర్లోనూ ఒంటి చుక్క, జంట చుక్క అని రెండు పేర్లుండేవి. మొదటిది ఆ ఫోల్డర్‌కే గుర్తు, రెండోది దాని పై ఫోల్డర్‌కి గుర్తు. ఫోల్డర్లో ఏమున్నాయో చూద్దామని ఎల్ఎస్ అని టైపు చేసినప్పుడల్లా ఆ రెండూ జాబితాలో అడ్డం పడుతున్నాయని, పేరులో మొదటి అక్షరం చుక్కయితే వదిలెయ్యమని అడ్డదారిలో ఒక లైను రాసేశారు. దాంతో ఆ రెండే కాదు, చుక్కతో మొదలయ్యే ప్రతి పేరూ మరుగున పడింది. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ బృందంతో పనిచేసిన రాబ్ పైక్ 2012లో చెప్పిన సంగతి ఇది. దాగడానికి చోటు దొరికింది కదా అని ఇక ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగులకు ముందు చుక్క తగిలించి హోమ్ ఫోల్డర్లో పడెయ్యడం మొదలెట్టింది. చివరికి 2003లో, డెస్క్‌టాప్‌లకు ఉమ్మడి పద్ధతులు రాసే ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ళు ఒక పద్ధతి రాశారు. సెట్టింగులు డాట్ కాన్ఫిగ్‌లో, పోయినా ఫరవాలేని సరుకు డాట్ క్యాష్‌లో, మిగతాది డాట్ లోకల్‌లో పెట్టుకోమన్నారు. అందరూ పాటించరనుకోండి. అయినా నాకంటూ ఒక పేరూ ఊరూ వచ్చింది అప్పుడే.

ఆ షాపు నడిపే ఆవిడను నేనూ అక్క అనే అంటాను. అక్క దగ్గరికి నేనొచ్చిన దారి వేరు. ఆవిడ మిషన్లు విండోస్ 7 మీద నడిచేవి. 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. కొత్త మిషన్లు కొనే స్తోమత లేదు, పాతవాటిలో రెండు జీబీ ర్యామే. మార్చిలో లాక్‌డౌన్ పడింది, షాపు మూసేశారు. ఇంజనీరింగ్ చదివే తమ్ముడు హాస్టల్ నుంచి ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేక ఒక సీపీయూ ఇంటికి మోసుకొచ్చాడు. ఏప్రిల్‌లో జుబుంటు 20.04 అనే లినక్స్ విడుదలైంది, అది ఎక్కించాడు. షాపులో ఉన్న వేలిముద్ర పరికరం విండోస్‌లోనే పనిచేస్తుంది కాబట్టి ఒక్క మిషను మాత్రం అలాగే వదిలేశారు.

జుబుంటులో డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలుపెట్టాడు. తేలికైనదని పేరు. ఇది ఇలాగే వాడాలి అని శాసించే రకం కాదు. 2011లో గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ మూడో వెర్షన్ వచ్చి పాత తీరునంతా మార్చేసినప్పుడు, లినక్స్‌ను పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు విసుక్కుని కొంతకాలం ఇటే వచ్చి కూర్చున్నాడు.

శాసించకపోవడంలో ఒక చిక్కుంది. మార్చుకోవచ్చు అని తెలిస్తే కుర్రాళ్ళ చేతులు ఊరుకోవు. మొదటి వారం తమ్ముడు నన్ను నిద్రపోనివ్వలేదు. ప్యానెల్ పారదర్శకం చేశాడు. కింద డాక్ పెట్టాడు. నల్లటి థీమ్, దాని మీద ఊదారంగు ఐకాన్లు. కిటికీ మూసే గుర్తును కుడి నుంచి ఎడమకు తెచ్చాడు. బయటికి అదంతా పెద్ద మార్పులా కనిపిస్తుంది గానీ నాలో అది ఒక్క వరస. కిటికీల సంగతి చూసే ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 ఫైల్లో ఓ, నిలువు గీత, హెచ్, ఎం, సి అని ఉంటుంది. ఓ అంటే మెనూ, గీత అంటే టైటిల్ ఉండే చోటు, ఆ తర్వాత కిందికి దించడం, పెద్దది చెయ్యడం, మూసెయ్యడం. సి అక్షరాన్ని గీతకు ఇవతలికి తెస్తే మూసే గుర్తు ఎడమకు వస్తుంది. మొదట ఆ అక్షరాల్ని నాలో నేరుగా ఎడిటర్‌తో మార్చి, ఎందుకు నిలవడం లేదని జుట్టు పీక్కున్నాడు. ఎక్స్‌కాన్ఫ్‌డీ అని ఒకాయన ఉంటాడు. లాగిన్‌లో ఉన్నంతసేపూ సెట్టింగులన్నీ తన జ్ఞాపకంలో పెట్టుకుంటాడు. ఎక్కడ ఏ చిన్న మార్పు జరిగినా తన దగ్గరున్న ప్రతినే తెచ్చి నా మీద రాసేస్తాడు. అందుకే ఆయన్నడిగి మార్చాలి, సెట్టింగ్స్ ఎడిటర్ ఉన్నది దానికే.

షాపు తెరిచాక అక్క వచ్చి కూర్చుంది. కిటికీ మూద్దామని చెయ్యి అలవాటుగా కుడికి వెళ్ళింది. అక్కడేమీ లేదు.

"ఏందిరా ఇది, గుర్తు అటెందుకు పోయింది?"

"మ్యాక్‌లో అట్లాగే ఉంటదక్కా."

"మ్యాకూ గీకూ నాకొద్దు. పొద్దున్నించీ రాత్రి దాకా కూర్చునేది నువ్వా, నేనా?"

సి మళ్ళీ కుడికి వెళ్ళింది.

థీమ్‌తో అంతకంటే పెద్ద పేచీ వచ్చింది. ఆ నల్ల థీమ్‌లో కిటికీ అంచు ఒక్క పిక్సెల్. మౌస్ బాణం దాని మీద నిలబెట్టి లాగడం సూదిలో దారం ఎక్కించినట్టే. ఆల్ట్ నొక్కి పట్టుకుని కిటికీలో ఎక్కడైనా కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుందని తమ్ముడు చూపించాడు. అది అక్కకు నచ్చింది, ఇవాళ్టికీ అలాగే చేస్తుంది. కానీ టైటిల్ బారు సంగతి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4లో టైటిల్ బారు ఎత్తు థీమ్‌లోని బొమ్మల ఎత్తును బట్టే ఉంటుంది, అక్షరాలు పొడుగైతే అది పెరగదు. ఇంగ్లీషు పేర్లకు ఆ ఎత్తు సరిపోయింది. అక్క మాత్రం ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టుకుంటుంది. 'రాష్ట్ర స్కాలర్‌షిప్పులు' అని ఒక ఫైలు తెరిస్తే ష కింద ట, దాని కింద క్రావడి ఉండాలి కదా, క్రావడి సగానికి తెగిపోయింది. ఫాంటు సైజు తగ్గిస్తే ఆవిడకు కళ్ళద్దాలు పెట్టుకున్నా ఆనలేదు. చివరికి ఎత్తైన టైటిల్ బారున్న థీమ్ వెతికి పెట్టాల్సొచ్చింది. ఆ బొమ్మలు గీసేవాళ్ళలో చాలామంది వత్తులున్న లిపి ఒకటుందని ఎన్నడూ తలచి ఉండరని నా అనుమానం. తెలుగుకు ఏ ఫాంటు ముందు వాడాలన్నది కూడా నాలోనే ఫాంట్‌కాన్ఫిగ్ అనే గదిలో రాసి ఉంటుంది. అక్కకు మండలి ఫాంటు ఇష్టం, అదే మొదటి వరసలో ఉంది.

అందం గొడవ అంతటితో సద్దుమణిగింది. అసలు కష్టం కస్టమర్లతో వచ్చింది. ఒకరోజు డిగ్రీ కుర్రాడొకడు బ్యాంకు పరీక్షకు అప్లికేషన్ నింపుతున్నాడు. అడ్రసు చూసుకుందామని కిటికీ పక్కకు జరిపి, ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద మౌస్ చక్రం తిప్పాడు. తెర మీదున్నవన్నీ మాయం.

"అక్కా, నా అప్లికేషన్ పోయింది!"

పోలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో డెస్క్‌టాప్ మీద చక్రం తిప్పితే పక్క వర్క్‌స్పేస్‌కు, అంటే మరో ఖాళీ తెరకు, వెళ్ళిపోతాం. వాడి కిటికీలన్నీ ఇవతలి వర్క్‌స్పేస్‌లో క్షేమంగా ఉన్నాయి. టైటిల్ బారు మీద చక్రం తిప్పితే మరో వింత. కిటికీ మొత్తం చుట్టుకుపోయి పేరు మాత్రమే మిగులుతుంది. తెలిసినవాడికి ఇవి సుఖాలు, ఫీజు కట్టే ముందు నిమిషంలో ఉన్నవాడికి గుండె ఆగే పని. విండో మేనేజర్ ట్వీక్స్‌లోకి వెళ్ళి రెండు టిక్కులూ తీసేశాడు తమ్ముడు. వర్క్‌స్పేస్ కూడా ఒక్కటే చాలన్నాడు. వాడు చేసిన వాటన్నిటిలోకీ మంచి పని అదేనని నా లెక్క. పారదర్శకం చేసిన ప్యానెల్‌ను మెచ్చుకున్న మనిషి షాపులో ఒక్కడూ లేడు.

రెండో మంచి పని తునార్‌లో చేశాడు. తునార్ అంటే ఫైళ్ళు చూపించేది. కుడి క్లిక్ మెనూలో మనకు కావలసిన పని మనమే చేర్చుకోవచ్చు, ఆ జాబితా నా దగ్గరే ఉంటుంది. బ్యాంకు పరీక్షల వాళ్ళు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ ఉండాలంటారు. ఫోన్లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. ఒక్కో ఫొటోనూ ఏదో సైటులోకి ఎక్కించి, చిన్నది చేసి, దించుకోవడానికే పూట గడిచేది. తమ్ముడు 'ఫొటో తగ్గించు', 'సంతకం తగ్గించు' అని రెండు వరసలు చేర్చాడు. వెనక పని చేసేది ఇమేజ్‌మ్యాజిక్. కొలతలు తగ్గించి, జేపెగ్ సైజు ఇంతకు మించకూడదని చెబితే నాణ్యతను తనే సర్దుకుంటుంది. అక్క కుడి క్లిక్ కొడుతుంది, పక్కనే చిన్న ఫైలు తయారు. నోటిఫికేషన్ పడ్డ రోజుల్లో షాపు ముందు బారులు తీరితే ఆవిడను ఒడ్డున పడేసింది ఆ రెండు వరసలే.

2022లో పాత హార్డ్ డిస్కు కరకరమనడం మొదలెట్టింది. ఎస్ఎస్‌డీ వేసి కొత్త జుబుంటు ఎక్కించారు. తమ్ముడు అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. ఫోన్లో, "కంట్రోల్ నొక్కి పట్టుకుని హెచ్ కొట్టక్కా, దాక్కున్నవి కనపడతాయి. చుక్క కాన్ఫిగ్ అని ఉంటది, అది కాపీ చెయ్" అన్నాడు. మొదటిసారి అక్క నన్ను కళ్ళారా చూసింది. "ఇదా? ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా?" అంది.

కొత్త డిస్కులోకి వెళ్ళాను. ప్యానెల్ తన చోటికి వచ్చింది, సి కుడివైపే ఉంది, చక్రం తిప్పితే ఏదీ మాయం కాలేదు. కానీ కిటికీలకు పాత థీమ్ రాలేదు, మండలి ఫాంటూ రాలేదు. 'ఫొటో తగ్గించు' నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఆ లోటు నాది కాదు. ఫలానా థీమ్ కావాలని నాలో రాసుంటుంది, థీమ్ మాత్రం డాట్ థీమ్స్ అనే పక్కింట్లో ఉంటుంది. ఫాంటు డాట్ లోకల్‌లో ఉంటుంది. ఇమేజ్‌మ్యాజిక్ అసలు హోమ్‌లోనే ఉండదు, దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిందే. ఫోన్ పెట్టేయకుండా తమ్ముడు ఒక్కొక్కటే చెప్పాడు, సాయంత్రానికి షాపు మళ్ళీ అక్క షాపులా అయింది.

కాబట్టి లినక్స్ వాడే అయ్యలకూ అమ్మలకూ నా విన్నపం. ఫొటోలూ పత్రాలూ అందరూ దాచుకుంటారు, నన్నూ దాచుకోండి. నాతోపాటు డాట్ థీమ్స్, డాట్ ఐకాన్స్, డాట్ లోకల్‌లోని ఫాంట్లు కూడా తీసుకోండి. ఏయే ప్రోగ్రాములు విడిగా ఎక్కించుకున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకొక్క మాట. తమ డెస్క్‌టాప్ సింగారం నలుగురికీ చూపించాలన్న ఉత్సాహంలో కొందరు నన్ను మూటగట్టి ఇంటర్నెట్‌లో పెట్టేస్తుంటారు. క్రోమ్ బ్రౌజరు లాగిన్లూ, దాచుకున్న పాస్‌వర్డులూ నా కడుపులోనే ఉంటాయి. ప్యానెల్ ఫైలు పంచుకోండి, థీమ్ పేరు చెప్పండి, నన్ను మొత్తంగా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.