గడ్డి చామంతి తరఫున ఒక అర్జీ

పురపాలక సంఘం కమిషనర్ గారికి,

విషయం: వార్డు పార్కులో గడ్డి చామంతి తొలగింపు ఉత్తర్వును పునఃపరిశీలించుట గురించి.

అయ్యా,

సుందరీకరణ పేరిట పార్కు ప్రహరీ మీద తమరు వేయించిన సీతాకోకచిలుకలు చాలా బాగున్నాయి. ఒక్కొక్కటి ఆటో అంత ఉంది. అదే గోడ కింద, అదే వారం, నిజం సీతాకోకచిలుకలకు అన్నం పెట్టే మొక్క మీద గడ్డి మందు కొట్టించారు. రెండు బిల్లులూ ఒకే సంతకంతో పాసయ్యాయని విన్నాను.

నిందితురాలిని తమరు చూసే ఉంటారు. నేలబారుగా పాకుతుంది. జానెడు కాడ పైకెత్తి, కొసన పసుపు బొత్తాం పెట్టుకుంటుంది. చుట్టూ ఐదారు తెల్ల రేకులు, రేకు చివర మూడేసి పళ్లు. చిన్నప్పుడు మనం దీని ఆకుతోనే పలక తుడిచాం. మోకాలు చెక్కుకుపోతే దీని పసరే పిండాం. ఆ పసుపు బొత్తాం ఒక పువ్వు కాదండీ, బోలెడన్ని బుల్లి గొట్టం పూల గుత్తి. అంచు నుంచి నడిమికి వరసగా విచ్చుకుంటాయి కాబట్టి విందు ఒక్క పూటతో ముగియదు. గొట్టాలు పొట్టివి గనక బారు తొండం లేని బుల్లి ప్రాణులకూ తేనె అందుతుంది. ఎండెక్కాక ఒకసారి వంగి చూడండి (వంగే అలవాటు లేకపోతే కుర్చీ వేయించుకోండి): గోరంత నీలి సీతాకోకచిలుకలు, జిల్లేడాకు తిని పెరిగిన నారింజరంగువి, కుట్టడం చేతకాని చిట్టి తేనెటీగలు, కందిరీగ వేషం కట్టిన ఈగలు. ఈ వేషగాళ్లలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తిని బతుకుతాయి. ఆ పనికి ఏ పద్దు కింద జీతం రాయాలో మీ అకౌంట్స్ వాళ్లు చూసుకోవచ్చు.

పరాయి దేశపు మొక్క అని ఫైలులో రాశారట. నిజమే, మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది. మిరపకాయా అటునుంచే వచ్చింది. దాన్ని వెళ్లగొట్టే ధైర్యం గుంటూరులో ఎవరికుంది? చదరపు అడుగుల లెక్కన తమరు కొని పరిపించిన కొరియన్ గడ్డి నీళ్లు తాగుతుంది, కోత కూలి తింటుంది, ఒక్క ఈగకైనా చుక్క తేనె పోయదు.

వేరుశనగ చేలో ఇది రైతుకు తలనొప్పే. అక్కడ నేను దీని వకాల్తా పుచ్చుకోను. పార్కులో పాడవడానికి పంట ఏముంది? పైగా కొట్టిన డబ్బా మీద గ్లైఫోసేట్ అని ఉంది. చీడపీడల నివారణ ఆపరేటర్లు తప్ప ఇతరులు దాన్ని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. తమరు పంపిన కుర్రాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఉత్త చేతులతో కొట్టాడు.

కోరేది ఇంతే: మందు ఆపండి. నడకదారి పక్కన కోయాలంటే కోయండి, గోడ వెంట మూరెడు వదిలేయండి. విత్తనాలకు టెండరు అక్కర్లేదు, గాలి తెచ్చి పోస్తుంది.

ఇట్లు,
వార్డు నివాసి

జతపరచినవి: ఒక పువ్వు జతపరచాలనుకున్నాను. దాని మీద ఒకరు భోంచేస్తున్నందున వీలుపడలేదు.